ఫోటో లోపలి అడంగల్

ఫోన్ గ్యాలరీలో ఒక ఫోటో తెరిచి వేలితో పైకి తోస్తే కింద నుంచి కొన్ని వివరాలు వస్తాయి. తేదీ, టైము, ఫోన్ మోడలు, లెన్సు ఎంత తెరుచుకుంది, షట్టరు ఎంతసేపు తెరిచి ఉంది, చిన్న మ్యాపు మీద ఒక చుక్క. బొమ్మలో ఇవేవీ కనపడవు గానీ బొమ్మ ఉన్న ఫైల్లోనే ఉంటాయి. పరిభాషలో వీటి పేరు మెటాడేటా. స్టూడియో కుర్రాళ్ల భాషలో 'డీటెయిల్స్'.

ఇరవై ఏళ్ల కిందట ఇది ఫోటోగ్రాఫర్ల సొంత గొడవ. ఇప్పుడు ఉపాధి కూలీ హాజరు, పక్కా ఇంటి బిల్లు, కోర్టులో సాక్ష్యం, వార్తా ఫోటో నిజానిజాలు, కృత్రిమ మేధ గీసిన బొమ్మల గుర్తింపు అన్నీ వచ్చి దీని మీదే పడ్డాయి. "డీటెయిల్స్ ఉంచితే ప్రమాదం, తీసెయ్యండి" అని ఒకరంటారు. "తీస్తే నేరం" అని ఇంకొకరంటారు. "ఉన్నా నమ్మొద్దు" అనేవారు మూడోవారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది, అందుకే చిక్కు.

ఈ వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే మన పల్లె రెవెన్యూ రికార్డు గుర్తుకొస్తుంది. ఏ సర్వే నంబర్లో ఎవరు ఏ పంట వేశారో అడంగల్‌లో రాసి ఉంటుంది (తెలంగాణలో పహాణీ). అది పనికిమాలిన కాగితం కాదు, బ్యాంకులో అప్పు పుట్టాలన్నా అదే చూపాలి. అలాగని అడంగల్‌లో వరి అని ఉన్నంత మాత్రాన పొలంలో వరి ఉన్నట్టు కాదు. రాసింది ఎవరు, చేను గట్టు మీద నిలబడి రాశారా, చావడిలో కూర్చుని రాశారా అన్నది వేరే విచారణ. మెటాడేటా మీద వాదాల్లో సగం ఆ విచారణ ఎగ్గొట్టి నేరుగా తీర్పుకి వెళ్లడం వల్ల వచ్చినవే.

అట్ట వెనక రాత

ఫోటోకి వివరం తగిలించాలన్న ఆలోచన డిజిటల్ కాలానిది కాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ చిత్రాల అడుగున నెగటివ్ నంబరు, శీర్షిక ఉంటాయి. 1914లో కోడాక్ కంపెనీ 'ఆటోగ్రాఫిక్' కెమెరాలు తెచ్చింది. వెనక ఒక బుల్లి తలుపు ఉంటుంది. దాన్ని ఎత్తి, ఇనుప పుల్లతో ఊరి పేరో తేదీయో ఫిల్ము కాగితం మీద రాసి, కాసేపు వెలుతురు తగలనిస్తే, కడిగాక ఆ చేతిరాత నెగటివ్ అంచున తేలేది. ఈ ఉపాయం కనిపెట్టిన హెన్రీ గైస్మన్‌కు కోడాక్ 3 లక్షల డాలర్లు చెల్లించింది. 'ఎప్పుడు, ఎక్కడ' అన్న రెండు ముక్కలకు ఆ రోజుల్లోనే అంత వెల. తర్వాత 1980లు, 90లలో ప్రింటు మూల నారింజ రంగు అంకెలు మెరిశాయి. కెమెరాలో బ్యాటరీ మార్చి తేదీ సరిచేయకపోతే ఆ అంకెలు ఎంత ధీమాగా అబద్ధం చెప్పేవో పాత ఆల్బములు తిరగేస్తే తెలుస్తుంది.

డిజిటల్ కెమెరాలు వచ్చాక ఈ రాత ఫైలు లోపలికి పోయింది. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1995లో ఎక్సిఫ్ ప్రమాణాన్ని తెచ్చింది. ఒక కంపెనీ కెమెరా తీసిన ఫైలును ఇంకో కంపెనీ ప్రింటరు సరిగ్గా చదువుకోవాలన్నది దాని అసలు పని. 1998 నాటి కూర్పులోనే అక్షాంశ రేఖాంశాలకు అర ఉంది. ఆ అర నిండడం మాత్రం జేబులో ఫోన్లకు జీపీఎస్ వచ్చిన తర్వాతే. అంటే యంత్రాల మధ్య మర్యాద కోసం పుట్టిన ఏర్పాటిది. దాన్ని ఇవాళ మనం సాక్షి బోను ఎక్కిస్తున్నాం.

మూడు అరలు, ఒక రాజమహేంద్రవరం

ఒక జేపెగ్ ఫైల్లో ఈ వివరాలు ఒకే చోట ఉంటాయనుకుంటే పొరపాటు. మూడు వేర్వేరు అరలున్నాయి, మూడూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు పెట్టినవి. కెమెరా తనంతట తాను నింపేది ఎక్సిఫ్. వార్తా సంస్థల కోసం పుట్టింది ఐపీటీసీ. 1965లో ఏర్పడిన అంతర్జాతీయ పత్రికా మండలి పేరే దానికి నిలిచింది. ఫోటో తీసింది ఎవరు, ఏ ఊరు, ఏం జరిగింది, ఎవరికి క్రెడిట్ ఇవ్వాలి అన్నవి మనిషి కూర్చుని నింపాలి. మూడోది 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్ఎంపీ. మొదటి రెండింటిలో ఉన్నదంతా తనలోనూ పెట్టుకోగలదు, కొత్త గడులూ చేర్చుకోగలదు. 2012లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే వివరం మూడు అరల్లోనూ ఉండవచ్చు, మూడు చోట్ల మూడు రకాలుగానూ ఉండవచ్చు. ఒక సాఫ్ట్‌వేర్‌లో తేదీ మారిస్తే ఎక్స్ఎంపీలో మారి, ఎక్సిఫ్‌లో పాతదే ఉండిపోతుంది. ఏ అర మాట చెల్లాలో తేల్చడానికి అడోబీ, యాపిల్, కెనాన్, మైక్రోసాఫ్ట్, సోనీ వంటివి కలిసి మార్గదర్శకాలు రాసుకున్నాయి. 2010 తర్వాత ఆ ప్రయత్నం చల్లారింది.

తెలుగువాడికి ఇందులో ప్రత్యేకమైన పేచీ ఒకటుంది. పాత ఐపీటీసీ అరలో ఊరి పేరుకి ఇచ్చిన చోటు 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తింటుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు, సున్నా ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తింటాయి. విశాఖపట్నం 10 గుర్తులు, 30 బైట్లు, బతికి బయటపడింది. రాజమహేంద్రవరం 13 గుర్తులు, 39 బైట్లు, పట్టదు. ఆ ప్రమాణం ప్రకారం గోదావరి గట్టు మీది ఆ ఊరికి తన సొంత లిపిలో ఫోటోలో చోటు లేదు. ఎక్సిఫ్ సంగతి మరీ అన్యాయం. ఫోటోగ్రాఫర్ పేరు, వివరణ వంటి గడుల్లో నియమం ప్రకారం ఇంగ్లిష్ అక్షరాలే నడిచేవి, యూనికోడ్‌కి తలుపు తెరిచింది 2023లో వచ్చిన 3.0 కూర్పు. ఎక్స్ఎంపీ మొదటి నుంచీ యూనికోడే. కాబట్టి తెలుగులో క్యాప్షన్ రాసేవారు ఆ అరనే నమ్ముకోవడం క్షేమం.

అసలు ఈ రాత ఫైల్లోనే ఉండాలా, పక్కన వేరే చిట్టాలో ఉండాలా అన్నది కూడా పాత తగువే. ఫైల్లోనే ఉంటే ఫోటో ఎక్కడికి పోతే రాత అక్కడికి పోతుంది. పక్కన ఉంటే అసలు ఫైలును ముట్టుకోనక్కర లేదు, చెడిపోయే భయం లేదు. గూగుల్ ఫోటోస్ రెండో దారి పట్టింది. అందులో తేదీ సరిచేసినా, కింద వివరణ రాసినా అది కంపెనీ చిట్టాకే ఎక్కుతుంది. మొత్తం ఆల్బమును గూగుల్ వారి టేకౌట్ సేవతో దించుకున్నప్పుడు ఫోటో ఒక ఫైలుగా, మీరు రాసింది ఇంకో ఫైలుగా చేతికొస్తాయి. రెంటినీ మళ్లీ కలపడం మన పని. ఇది సదుపాయమని కంపెనీలు అంటాయి గానీ, ఇంట్లోవాళ్ల పేర్లు నాలుగేళ్లు కూర్చుని రాసుకున్నవారికి అలా అనిపించదు.

గడియారం మాట

అన్నిటికన్నా ఎక్కువగా వాడేదీ, ఎక్కువగా తప్పేదీ సమయం. ఎక్సిఫ్‌లో తేదీ ఇలా ఉంటుంది: 2024:02:11 10:42:07. ఎక్కడి సమయం అన్నది అందులో లేదు. ఇండియాదో అమెరికాదో చెప్పే గడి 2016లో వచ్చిన 2.31 కూర్పుదాకా ప్రమాణంలోనే లేదు.

పెళ్లి ఫోటోల్లో దీని ఫలితం కళ్లకు కడుతుంది. స్టూడియో వాళ్లవి రెండు కెమెరాలు, డల్లాస్ నుంచి వచ్చిన చుట్టానిది ఒకటి. చుట్టం కెమెరా గడియారం ఇంకా డల్లాస్‌లోనే ఉంది. చలికాలంలో మనకూ డల్లాస్‌కూ తేడా 11 గంటల 30 నిమిషాలు. గుంటూరులో ఉదయం 10:42కి తలంబ్రాలు పోస్తుంటే, ఆ కెమెరా లెక్కలో ముందు రోజు రాత్రి 11:12. మూడు కెమెరాల ఫోటోలు ఒక ఫోల్డరులో వేసి సమయం వరసలో పేర్చితే జీలకర్ర బెల్లం కన్నా ముందే తలంబ్రాలు పడతాయి. స్టూడియో సొంత కెమెరాల మధ్య నాలుగు నిమిషాల తేడా ఉన్నా మంగళసూత్ర ధారణ రెండుసార్లు జరిగినట్టు ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు పని మొదలుపెట్టే ముందు అన్ని కెమెరాలతోనూ ఒకే ఫోన్ గడియారాన్ని ఫోటో తీసి పెట్టుకుంటారు. తర్వాత తేడా ఎంతో చూసి ఆ కెమెరా ఫోటోలన్నిటినీ ఒక్కసారిగా జరిపేస్తారు. ఫిల్ హార్వే 2003 నుంచి ఉచితంగా ఇస్తున్న ఎక్సిఫ్‌టూల్‌లో ఇది ఒక్క ఆజ్ఞతో అయ్యే పని.

అదే ఒక్క ఆజ్ఞతో ఎవరైనా దొంగ తేదీ కూడా వేయవచ్చు. పనిముట్టుకి ఆ తేడా తెలియదు. అయితే తొందరపడి మార్చేవాడు మరిచిపోయే గడి ఒకటుంది. ఫోన్ తీసిన ఫోటోలో జీపీఎస్ అరకు వేరే గడియారం ఉంటుంది, అది ప్రపంచ ప్రామాణిక సమయం చెబుతుంది. మన దేశంలో తీసిన ఫోటోలో కెమెరా సమయానికీ దానికీ మధ్య 5 గంటల 30 నిమిషాల తేడా ఉండి తీరాలి, అటూఇటూ కాస్త. లేదంటే ఎవరో చేయి పెట్టారు, లేదా గడియారమే తప్పు. పరిశోధకులు మొదట చూసేవాటిలో ఇదొకటి. చిన్న నమూనా బొమ్మను చూడటం ఇంకొకటి. ఫోటోలో కొంత భాగం కత్తిరించినా, ఫైల్లో దాగిన బుల్లి బొమ్మ కొన్ని సాఫ్ట్‌వేర్లలో పాతదే ఉండిపోతుంది, కత్తిరించిన మనిషి అందులో కనిపిస్తాడు.

ఉంచాలా, తీసెయ్యాలా

తీసెయ్యాలనేవారి దగ్గర గట్టి ఉదాహరణలున్నాయి. 2012 డిసెంబర్‌లో యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకఫీ బెలీజ్ పోలీసుల నుంచి తప్పించుకు తిరుగుతుండగా, ఆయనతో ఉన్న వైస్ పత్రిక వారు ఒక ఫోటో పెట్టారు. అందులో అక్షాంశ రేఖాంశాలు అలాగే ఉన్నాయి. గ్వాటెమాలాలో ఉన్నాడని కొద్దిసేపట్లోనే బయటపడింది. కథలో అసలు మలుపు ఆ తర్వాతది. ఆ వివరాలు కావాలనే మార్చి పెట్టానని మెకఫీ బుకాయించాడు. కాసేపు అది నమ్మదగ్గ అబద్ధమే, ఎందుకంటే నిజంగానే అలా మార్చవచ్చు. తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. 2014లో ఓవెన్ ముండీ అనే అమెరికన్ అధ్యాపకుడు జనం ఇంటర్నెట్‌లో బహిరంగంగా పెట్టిన 10 లక్షల పిల్లి ఫోటోలను, వాటిలోని అక్షాంశ రేఖాంశాల ప్రకారం ప్రపంచ పటం మీద పెట్టాడు. పిల్లి ఉన్నచోటే ఇల్లు. పిల్లి బదులు స్కూలు యూనిఫారంలో పాప ఉంటే అన్న ప్రశ్నను చూసేవాళ్లకే వదిలేశాడు.

ఉంచాలనేవారు హక్కుల సంగతి ఎత్తుతారు. తీసినవాడి పేరు ఫైల్లోంచి ఊడిపోయాక ఆ ఫోటో అనాథ. జిల్లా విలేకరి తీసిన వరద ఫోటో నాలుగు గ్రూపులు తిరిగి 'సోషల్ మీడియా' అన్న క్రెడిట్‌తో ఇంకో పత్రికలో అచ్చవుతుంది. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65బి సెక్షన్ ప్రకారం, హక్కుల సమాచారాన్ని తెలిసి తెలిసి తొలగించడం రెండేళ్ల వరకు జైలు పడగల నేరం. ఆ 'తెలిసి' అన్న మాట దగ్గరే పని ఆగుతుంది. అమెరికాలో ఇలాంటి చట్టం కిందే ఇళ్ల అమ్మకాల ఫోటోలు తీసేవాళ్లు కోర్‌లాజిక్ సంస్థ మీద కేసు వేస్తే, 2018లో అప్పీలు కోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. ఫోటో సైజు తగ్గించేటప్పుడు వివరాలు ఊడిపోవడం ఒకటి, దానివల్ల దొంగతనానికి దారి ఏర్పడుతుందని తెలిసీ ఊడగొట్టడం ఇంకొకటి అని దాని సారాంశం.

నిజానికి మన దగ్గర ఈ తగువును తీర్చింది చట్టం కాదు, వాట్సాప్. ఫోటోగా పంపితే సైజు కుదించి, డీటెయిల్స్ తుడిచేసి పంపుతుంది. 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. తుడిచాక మిగిలేది ఫైలు పేరే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐఎంజీ-20240211-డబ్ల్యూఏ0007 లాంటి పేరు కనిపిస్తే, ఆ తేదీ ఫోటో తీసిన రోజు కాదు, వాట్సాప్‌లో చేతులు మారిన రోజు. ఈ ఒక్క ముక్క తెలియక పాత ఫోటోలు కొత్త గొడవలకు అతికిన సందర్భాలు కోకొల్లలు.

తీసెయ్యాలనే పక్షం ఒక సంగతి తక్కువ మాట్లాడుతుంది. మనం పెట్టిన ఫోటోలో చూసేవాళ్లకు వివరాలు కనపడకపోవడం వేరు, తీసుకున్న కంపెనీ వాటిని చదవకపోవడం వేరు. పొరుగువాడి నుంచి దాచిపెట్టి షావుకారుకి అప్పగించినట్టు ఉంటుంది ఈ రక్షణ. 2019 నుంచి ఐఫోన్లో పంపేటప్పుడే లొకేషన్ ఆపే మీట, ఆండ్రాయిడ్‌లో లొకేషన్ చదవడానికి యాప్‌లకు వేరే అనుమతి వచ్చాయి. అవసరం ఉన్నవాళ్లకు పంపేటప్పుడు ఉంచి, లోకానికి పెట్టేటప్పుడు లొకేషన్ ఒక్కటే తీసి, పేరు ఉంచడం సాధ్యమే. రెండు పక్షాలూ ఎందుకో 'అంతా' లేదా 'ఏమీ లేదు' దగ్గరే నిలబడి వాదించుకుంటున్నాయి.

రుజువుగా నిలుస్తుందా

మన దేశంలో మెటాడేటా మీద అన్నిటికన్నా ఎక్కువ బరువు పెట్టింది ప్రభుత్వమే. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పటాల మీద ఉపాధి హామీ చెరువులు, కాలువలు, రోడ్ల ఫోటోలను అక్షాంశ రేఖాంశాలతో ఎక్కించడం 2016లో మొదలైంది. తర్వాత మనుషుల వంతు. 2021లో వచ్చిన ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌లో మేటు రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో, సమయం, స్థలం ముద్రతో ఎక్కించాలని నియమం పెట్టారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి చేశారు.

2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన ఉత్తర్వులో ఏం జరుగుతోందో ఒప్పుకుంది. పనితో సంబంధం లేని ఫోటోలు ఎక్కుతున్నాయి, పాత ఫోటోను మళ్లీ ఫోటో తీసి ఎక్కిస్తున్నారు. ఇక్కడ ఆగి చూడాలి. రెండో రకం మోసంలో మెటాడేటా నూటికి నూరు పాళ్లు నిజం. స్థలం నిజం, సమయం నిజం, ఫోన్ నిజం. కెమెరా ముందు మనుషులకు బదులు మనుషుల ఫోటో ఉంది, అంతే. షట్టరు ఎప్పుడు, ఎక్కడ నొక్కారో చెప్పే రాతను, ఎదురుగా ఏముందో చెప్పమని అడిగారు. సిగ్నల్ లేని గుట్టల మధ్య నిజంగా పలుగు పట్టిన కూలీ, ఫోటో ఎక్కక హాజరు పోగొట్టుకోవడం ఇదే నాణేనికి రెండో వైపు. పట్టణాల్లో ఫోటో మీదే అడ్రసు, మ్యాపు ముద్రించే యాప్‌లది ఇంకో భ్రమ. ఆ ముద్ర బొమ్మలో భాగం, మెటాడేటా కాదు. రంగుల పెట్టె ఉన్నవాడెవడైనా వేయగలడు.

కోర్టుల దారి కొంత జాగ్రత్తగా ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలన్నది పాత సాక్ష్య చట్టంలోనూ 65బి సెక్షనే (కాపీరైట్ చట్టంలోని 65బితో కలిపి తికమక పడకూడదు). అది తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2018లో ఇంకో ధర్మాసనం సడలించింది, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు మళ్లీ బిగించారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్. ధ్రువపత్రం నమూనాలో ఫైలు హ్యాష్ విలువ రాయాలి, నిపుణుడి సంతకం ఉండాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర. ఒక్క బిట్ మారినా అది మారిపోతుంది. కానీ అది చెప్పేది, స్వాధీనం చేసుకున్న ఫైలూ కోర్టుకొచ్చిన ఫైలూ ఒకటేనని మాత్రమే. స్వాధీనానికి ముందు తేదీ మార్చి ఉంటే, మార్చిన తేదీకే హ్యాష్ కాపలా కాస్తుంది.

లక్క ముద్ర

మార్చగలిగేది కాబట్టి మార్చలేనట్టు సీలు వేద్దాం అన్నది నాలుగో పక్షం. ఇది కొత్త ఆశేమీ కాదు. కెనాన్, నికాన్ కంపెనీలు తమ పెద్ద కెమెరాల్లో ఫోటోకి డిజిటల్ సంతకం పెట్టే ఏర్పాటు ఎప్పుడో తెచ్చాయి. ఎల్కమ్‌సాఫ్ట్ అనే రష్యన్ సంస్థ 2010లో కెనాన్‌దీ, 2011లో నికాన్‌దీ ఛేదించి, దొంగ ఫోటోలకు అసలు సంతకాలు పెట్టి చూపింది.

2021లో అడోబీ, బీబీసీ, మైక్రోసాఫ్ట్, ఇంటెల్ తదితరులు కలిసి సీ2పీఏ అనే కూటమి పెట్టారు. ఇందులో కెమెరా పెట్టే మొదటి సంతకంతో ఆగరు, ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పూ గొలుసులా నమోదవుతుంది. 2023 అక్టోబర్‌లో లైకా ఎం11-పీ దీన్ని లోపలే పెట్టుకుని వచ్చిన తొలి కెమెరా. 2025లో నికాన్ జెడ్6-3కి కూడా వచ్చింది. వారాలు తిరక్కుండానే, రెండు ఎక్స్‌పోజర్లు కలిపే మీట ద్వారా సంతకం లేని బొమ్మకు అసలు సంతకం పెట్టించవచ్చని ఒక వాడుకరి చూపించాడు. నికాన్ ఆ సేవ ఆపి, ఇచ్చిన ధ్రువపత్రాలన్నీ రద్దు చేసింది. పదిహేనేళ్ల తేడాతో అదే కథ.

దీన్ని బట్టి సీలు వృథా అనడం తొందరపాటు. తాళం పగిలిందని తలుపులు మానేయం. అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. సీలు లేని ఫోటోను ఏమనాలి? సీలు ఉన్న ఫోటోను స్క్రీన్‌షాట్ తీస్తే సీలు పోతుంది. చవక ఫోన్‌తో తీసిన నిజమైన ఫోటోకి అసలు సీలే ఉండదు. రేపు 'సీలు లేదు కాబట్టి నకిలీ' అన్న అలవాటు పడితే నష్టపోయేది ఖరీదైన కెమెరా లేనివాడే. కృత్రిమ బొమ్మలకు కనిపించే లేబులుతో పాటు చెరిపేయలేని మెటాడేటా ఉండాలని కేంద్ర ఐటీ శాఖ 2025 అక్టోబర్ ముసాయిదాలో ప్రతిపాదించింది. చెరిపేయలేని మెటాడేటా అన్న మాటలోనే, ఇంతవరకు చెప్పిన ముప్పై ఏళ్ల చరిత్రకు ఎదురీత ఉంది.

తేలనివి

నాలుగు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెడితే అసలు భేదం ఎవరిని అనుమానిస్తున్నారన్న దగ్గర కనిపిస్తుంది. హక్కులవారి అనుమానం ఫోటో వాడుకునేవాడి మీద, గోప్యతవారిది చూసేవాడి మీద, కోర్టుది ఫోటో తెచ్చినవాడి మీద, సీలువారిది మొత్తం లోకం మీద. ఒకే గడిని నలుగురూ నాలుగు రకాలుగా బిగించమంటున్నారు. సాక్షిగా ఫోటో తీసి పంపే అనామకుడికి సీలు కావాలి, పేరు బయటపడకూడదు. రెండూ ఒకే ఫైల్లో ఇమిడే ఏర్పాటు కాగితం మీద ఉంది గానీ, చవక ఫోన్లలోకి ఇంకా రాలేదు.

ఇంకో తేలని సంగతి పెద్దగా ఎవరూ వాదించుకోనిది. పాత ఫోటోను స్కాన్ చేస్తే ఫైల్లో పడేది స్కాన్ చేసిన తేదీ. తీసిన తేదీ వేరు, డిజిటల్ అయిన తేదీ వేరు అని ఎక్సిఫ్‌లో రెండు గడులు ఉన్నాయి. మొదటిది మనిషే నింపాలి. ఎక్స్ఎంపీ అరలో ఏడాది ఒక్కటే రాసినా చెల్లుతుంది. ఎక్సిఫ్ గడి మాత్రం సెకన్లతో సహా అడుగుతుంది. దివిసీమలో ఒక ముసలావిడ అట్ట మీది ఫోటో చూసి "ఇది ఉప్పెనకి ముందటేడు, పెద్దోడికి పుట్టెంటికలు తీసినప్పటిది" అంటుంది. ఉప్పెన 1977 నవంబర్ 19. కాబట్టి 1976 అని రాయవచ్చు, నెలా రోజూ గంటా తెలియవు. ఆవిడ అన్న మాట యథాతథంగా పెట్టడానికి ఐపీటీసీలో క్యాప్షన్ గడి ఉంది, 2000 బైట్లు, తెలుగులో 660 గుర్తులకు కొంచెం ఎక్కువ. ఆవిడ మాటకు సరిపోగా, పక్కన నిలబడ్డవాళ్ల పేర్లకూ చోటు మిగులుతుంది. ఆ గడి ఉందని స్కాన్ చేసే కుర్రాడికి తెలియాలి, ఆవిడను అడిగే తీరిక ఉండాలి. అంతవరకు ఆ పేర్లు అట్ట వెనక పెన్సిల్ రాతలోనే ఉన్నాయి, స్కానర్ ఆ వైపు తిప్పి చూడటం లేదు.